ఓ కొసరక్షరమా!

సంతలో బెల్లం తూచి, కాగితం మడిచి, దారం చుట్టబోయే ముందు దుకాణదారు ఇంకొక్క ముక్క చిదిపి పొట్లం మీద పెడతాడు. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు కొసరు. త్రాసుకు అది లెక్కలోది కాదు, చీటీలో దానికి ధర లేదు. అయినా వెంట వచ్చిన పిల్లవాడి కళ్ళు కిలో బెల్లాన్ని వదిలేసి దాని మీదే వాలతాయి. ఓ కొసరక్షరమా! ఆ పిల్లవాడిని నేనే. మాటంతా తూగాక, అర్థమంతా మూటకట్టాక, ఆఖరి గడియలో అలవోకగా వచ్చి అంచున కూర్చునే ఒక్క అచ్చువి నువ్వు. చీరకు కొంగువి, తీగకు చిగురువి, తాళానికి చివరి దెబ్బవి. నిన్ను చూడటానికి వచ్చి, నిన్ను తప్ప మరేదీ చూడలేకపోతున్నవాడిని.

నీ ఊరేదని అడిగితే చెప్పలేను. నీకు ఊరు లేదు, నీ ఇల్లు ఒక భాష. ఇంగ్లీషు మీదుగా ప్రయాణం చేసి మన దాకా వచ్చేసరికి దాని పేరు ఎస్పెరాంటో అయింది గానీ, తన నోట తాను పలుక్కునేటప్పుడు అది ఎస్పెరాంతో. నాలుక పళ్ళకు తగిలే మెత్తని త. దానికి నది లేదు, కోట లేదు, సైన్యం లేదు, శిస్తు వసూలు చేసే రాజు లేడు. వేళ్ళు కూడా అరువు తెచ్చుకున్నవే. నాన్న అనే పత్రో లాటిను తోటలోంచి వచ్చింది, కుక్క అనే హుందో జర్మను పెరట్లోంచి వచ్చింది, తంటాలు పడటమనే క్లొపోదీ రష్యను వాకిట్లోంచి వచ్చింది. వచ్చిన ప్రతిదీ నీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది, నీ వేలు పట్టుకున్నాకే లోపలికి అడుగు పెట్టింది. వేరు ఎవరిదైనా కానీ, కొస మాత్రం నీదే. దేశం లేని భాషకు నువ్వే దేశానివి. ఆ దేశపు పొలిమేర ఒక అచ్చంత వెడల్పు.

కాంత్ అని ఒక ధాతువు ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది శ్రుతి చేయని తంబుర, మూలన ఆనించిన మౌనం. అప్పుడు నువ్వు వస్తావు. ఓ అని తాకుతావు: కాంతో, పాట. ఆ అని తాకుతావు: కాంతా, పాటకు సంబంధించినది, పాట పరిమళం అంటుకున్నది. ఏ అని తాకుతావు: కాంతే, పాటలాగా, పాట రూపంలో. ఈ అని తాకుతావు: కాంతీ, పాడటం. అక్కడ నా తెలుగు చెవి ఒక్క క్షణం పొరబడుతుంది. పాడటాన్ని కాంతి అనే భాష ఎక్కడిదని నివ్వెరపోతుంది. ఊ అని తాకుతావు: కాంతూ, పాడు! అదే తంబుర, అదే తీగ. వేలు మారింది, అంతే. నామవాచకమా, విశేషణమా, క్రియావిశేషణమా, క్రియా, ఆజ్ఞా అని వ్యాకరణ పండితులు గదులు కట్టి తాళాలు వేసుకున్న చోట, నువ్వు ఒక్క అచ్చుతో అన్ని తలుపులూ తీసుకుంటూ పోతావు.

ఈ ఐదింటినీ వరసపెట్టి పైకి అనుకుంటూ ఉండగా ఒక రాత్రి నాకు నవ్వొచ్చింది. ఓ, ఆ, ఏ, ఈ, ఊ. ఇవి నాకు కొత్తవా? పుట్టినప్పటి నుంచీ నా నోట్లో ఆడుతున్నవే కదా! ఓ అంటే పిలుపు. ఓ చెట్టా, ఓ చందమామా అని పిలిచామంటే అప్పటికే దానికి పేరు పెట్టాం. నీ ఓ కూడా పేర్ల గుర్తే. ఆ అంటే వేలు చాచి చూపడం. ఆ ఎర్రచీర, ఆ ఓరచూపు అంటూ ఒకదాన్ని వందలోంచి విడదీయడం. నీ విశేషణం చేసే పనీ అదే. ఏ తీరున, ఏ వేళ, ఏ దారిన అని అడిగితే బదులు చెప్పేది నీ క్రియావిశేషణం. ఈ దగ్గర నా పోలిక కాస్త సాగదీసినట్టే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఊ ఉందే, దానికి వంక పెట్టలేరు. ఊ, తిను. ఊ, నడు. ఊ, కానీయ్. అమ్మ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టి అనే ఆ ఊ, నీ ఆజ్ఞార్థకపు ఊ, ఒకే గొంతులోంచి ఊరినట్టున్నాయి. నిన్ను కన్నవాడికి తెలుగు రాదు. ఇది కేవలం చెవి చేసిన చమత్కారం. అయితేనేం, దేవుడి విగ్రహంలో తన తాత పోలిక చూసుకున్న భక్తుడిని ఎవరు తప్పుపడతారు?

నిన్ను కన్నవాడు లుద్విక్ జామెన్‌హోఫ్. 1859లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో ఉన్న బియాలిస్తోక్ అనే పట్టణంలో పుట్టాడు. రష్యన్లు ఒక భాష, పోలిష్‌వాళ్ళు ఒక భాష, జర్మన్లు ఒక భాష, యూదులు ఒక భాష; ఒకే వీధిలో నలుగురు నాలుగు రకాలుగా ఒకరినొకరు అనుమానించుకునే ఊరు. తరవాత వార్సాలో బడికి వెళ్ళే రోజుల్లో అతనికి నువ్వు కనపడ్డావు. ఎక్కడ? గుళ్ళో కాదు, గ్రంథంలో కాదు, వీధి బోర్డు మీద. ఒక చోట ష్వేయ్‌త్సార్‌స్కయా అని రాసి ఉంది, ద్వారపాలకుడి గది. మరో చోట కొందితోర్‌స్కయా, మిఠాయి దుకాణం. ఎన్నిసార్లు ఆ బోర్డుల కింద నడిచి ఉంటాడో. ఒకరోజు మాత్రం ఆ రెండింటి తోకా ఒకటేనని తట్టింది: స్కయా, స్కయా. ఒక్క తోక పట్టుకుంటే కొత్త మాటలు వాటంతటవే వస్తాయని, ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టనక్కర్లేదని వెలిగింది. ఆ క్షణాన తనను భయపెడుతున్న రాక్షస నిఘంటువులు కళ్ళముందే కుదించుకుపోయాయని, చాలా ఏళ్ళ తరవాత బొరోవ్‌కో అనే మిత్రుడికి ఉత్తరంలో రాసుకున్నాడు. మిఠాయి కొట్టు ముందు నిలబడి మిఠాయి మరిచిన కుర్రాడిని ఒక్కసారి తలుచుకోండి. లోపల పంచదార పాకం మరుగుతోంది, గాజు వెనక తీపి తళతళలాడుతోంది. అతను తల ఎత్తి ఒక ప్రత్యయాన్ని నములుతున్నాడు.

1887 జులైలో ఆ కుర్రాడు, అప్పటికి కళ్ళ డాక్టరు, కాబోయే మామగారి సాయంతో వార్సాలో ఒక పల్చటి పుస్తకం అచ్చువేశాడు. దాని మీద తన పేరు వేసుకోలేదు. లోపల 16 సూత్రాలు, సుమారు 900 ధాతువులు; వాటన్నిటికీ ఊపిరి పోస్తూ నువ్వు. ఈ భాష నాది కాదు, సమాజానిది అని రాసి తన హక్కులన్నీ అక్కడే వదులుకున్నాడు.

స్కయా నీకు పూర్వజన్మ. ఈ జన్మలో ఆ పని చేసేది నీ ముందు నిలిచే నీ చెలికత్తె, ఏయ్. తెలుగువాడికి దీన్ని వివరించడమంటే తాతకు దగ్గులు నేర్పడం. మనకు శాల ఉంది కదా! పాఠశాల, పాకశాల, గోశాల. అలాగే నేర్చుకునే చోటు లెర్నేయో, ప్రార్థించే చోటు ప్రెజేయో, వండే చోటు కుయిరేయో. నీకు చెలికత్తెలు ఒకరా ఇద్దరా! చెట్టు అర్బో, చెట్లన్నీ గుమిగూడితే అర్బారో, అడవి. మాట వోర్తో, మాటల మంద వోర్తారో, నిఘంటువు. నవ్వు రీదో, ఎత్ అని చిన్నది చేస్తే చిరునవ్వు, ఎగ్ అని పెద్దది చేస్తే ఇల్లెగిరిపోయే నవ్వు. వాన ప్లూవో, తుంపర ప్లువేతో, కుండపోత ప్లువేగో. మేఘాలు ఆకాశంలో పెరగాల్సిన పని లేదు, మాట నడుం మీద చిన్న వడ్డాణం మారిస్తే చాలు.

ఒక్క మాటను దగ్గరగా, దీపం పక్కకు తెచ్చుకుని చూస్తాను. సానా అంటే ఆరోగ్యంగా ఉన్న. దాని ముందు మల్ వచ్చి నిలబడితే అర్థం తిరగబడుతుంది: మల్సానా, జబ్బుపడ్డ. ఉల్ అంటే మనిషి: మల్సానూలో, రోగి. ఇప్పుడు చోటును తెచ్చే ఏయ్, ఆఖర్న నువ్వు: మల్సానులేయో. ఆసుపత్రి. ఐదు పూసలు, ఒక దండ. ఎప్పుడైనా ఆసుపత్రి నడవాలో రాత్రి బల్ల మీద కూర్చుని ఈ మాట విప్పుకున్నవాడికి తెలుస్తుంది దీని దయ. ఆ దండలో రెండో పూస సాన్. మల్ అడ్డుగా నిలబడ్డా, మనిషి మంచమెక్కినా, గోడలు నాలుగు వైపులా మూసుకున్నా, లోపల ఆరోగ్యం అలాగే పడుకుని ఉంది, తెల్లవారే దాకా. మల్ అతిగా వాడుతున్నారని విసుక్కున్న కవులు లేకపోలేదు. ప్రతి చీకటినీ వెలుగుకు వ్యతిరేకంగానే చెప్పాలా అని కొత్త పొట్టి మాటలు దిగుమతి చేశారు. నాకు మాత్రం ఆ పొడుగు మాటే ముద్దు. శాంతినికేతన్ నుంచి వెళ్ళిన లక్ష్మీశ్వర్ సిన్హా రవీంద్రుడి ఆకలిగొన్న రాళ్ళ కథను ఈ భాషలోకి తెచ్చినప్పుడు ఆ రాయి మల్సాతా అయింది. కడుపు నిండిన అనే మాట పొట్టలోనే ఉంది, ముందు మల్ తలుపు వేసి ఉంది. ఆకలిని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

కాలం దగ్గరికి వస్తే నీ సొగసు చూడాలి. ఇస్ అంటే నిన్న. ఆస్ అంటే ఇవాళ. ఓస్ అంటే రేపు. కాంతిస్, పాడటం జరిగింది. కాంతాస్, జరుగుతోంది. కాంతోస్, జరగబోతోంది. మూడు అచ్చుల్లో మూడు కాలాలు, మూడు సంధ్యలు. వెనక ఉస్ ఒకటి ఉంది, జరగనిదానికి, జరిగి ఉంటే బాగుండు అనుకునేదానికి. నిట్టూర్పుకు కూడా విభాగం కేటాయించిన వ్యాకరణం ఇది. మనమైతే పాడాను, పాడావు, పాడాడు, పాడింది, పాడారు అంటూ మనిషి మారినప్పుడల్లా వంగుతాం. నువ్వు వంగవు. నేనైనా, నువ్వైనా, పల్లకీలో ఉన్నవాడైనా, పల్లకీ మోసేవాడైనా, అందరి పాటకూ ఒకటే ఆస్. ఇక్కడ నా తెలుగు ప్రాణం కాస్త గిలగిల్లాడుతుందని దాచను. పెద్దవాళ్ళను రండి అనకుండా పిల్లల్ని అన్నట్టే వేనూ అంటే నోరు రాదు. అది గ్రహించినట్టు నువ్వే ఒక ఉపాయం చూపిస్తావు: బోన్‌వోలూ. మంచి మనసు చేసుకో, అని. మన అండికి అది నీ సమాధానం.

ఆకాశం నీలంగా ఉంది అనడానికి ఉంది అనే మాట కూడా బరువనిపిస్తే, నువ్వు రంగునే క్రియ చేస్తావు. లా చియేలో బ్లూఆస్. ఆకాశం నీలిస్తోంది. గడ్డి వేర్దాస్, పచ్చిస్తోంది. ఇక వాన పడుతుంటే కర్త కూడా అక్కర్లేదు: ప్లూవాస్. ఒక్క మాట, ఒక పూర్తి వాక్యం. చూరు కింద నిలబడి చెయ్యి చాచినవాడికి అంతకంటే ఏం కావాలి? ఎర్రబడటాన్ని ఎర్ర లోంచి, నల్లబడటాన్ని నల్ల లోంచి తీసుకునే భాషలో పుట్టినవాడిని గనక ఇది నాకు మేనత్త ఇల్లులా ఉంది. మన బడు అక్కడ ఇజ్. మన ఇంచు అక్కడ ఇగ్.

ఇప్పుడు నీ వెనక నడిచే ఇద్దరి గురించి. ఒకటి కంటే ఎక్కువైతే నీకు య్ తోడవుతుంది. అమీకో స్నేహితుడు, అమీకోయ్ స్నేహితులు. ఓయ్! చేనుగట్టు మీద నిలబడి అవతలి గట్టువాళ్ళను కేకేసినట్టు ఉంటుంది నీ బహువచనం. విశేషణానికి అదే ఆయ్: బేలాయ్ బీర్దోయ్, అందమైన పక్షులు. గోదావరి జిల్లాల్లో మర్యాదగా తలూపుతూ అనే ఆయ్ గుర్తొచ్చి నాకు ముచ్చటేస్తుంది. నామవాచకం ఓయ్ అని పిలిస్తే విశేషణం ఆయ్ అని పలుకుతోంది.

రెండోది న్. కర్మకు గుర్తు. ఎంత నింద మోసింది ఆ న్! ఇంగ్లీషువాళ్ళు మరిచిపోయారు, ఫ్రెంచివాళ్ళు మొహం చిట్లించారు, సంస్కర్తలు కత్తెర పట్టుకుని తిరిగారు. అంతెందుకు, 1894లో కన్నవాడే మనసు మార్చుకుని నీలో పెద్ద పెద్ద మార్పులు ప్రతిపాదించాడు. న్ పోవాలన్నది వాటిలో ఒకటి. లా ఎస్పెరాంతిస్తో పత్రిక చదువరులు ఓటు వేసి వద్దన్నారు. తండ్రి బిడ్డ చెవిపోగు తీసేయబోతే ఊరంతా అడ్డుపడ్డట్టు. 1907 తరవాత ఇదో అనే చెల్లెలు పుట్టి, ఆ పోగు తప్పనిసరిగా పెట్టుకోనంది. నువ్వు మాత్రం ఉంచుకున్నావు.

మనకు దీని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కుక్కని పిల్లి కరిచింది అన్నా, పిల్లి కుక్కని కరిచింది అన్నా కరిచింది పిల్లే. ని అంటించుకున్న కుక్క ఎక్కడ నిలబడ్డా కరిపించుకున్నదే. మన పాత కావ్యాల ద్వితీయలో నిన్ అనీ నున్ అనీ చివర నకారం మోగుతూ ఉండేది. దాన్ని ద్రుతం అన్నారు. జారుతుంది, మెత్తబడుతుంది, మాయమైనట్టే మాయమై మళ్ళీ పలుకుతుంది. ఎక్కడి ద్రుతం, ఎక్కడి వార్సా! అయినా ఆ న్ విన్నప్పుడల్లా ఒకే గుడి గంట రెండు ఊళ్ళలో వినిపించినట్టుంటుంది.

లా కాతో సాల్తాస్ సూర్ లా తాబ్లో. పిల్లి బల్ల మీదే ఉండి గెంతుతోంది. ఇప్పుడు చివర న్ పెట్టండి: సూర్ లా తాబ్లోన్. అదే పిల్లి, కింద నేల మీద నుంచి బల్ల మీదికి దూకుతోంది. పాల గిన్నె బల్ల మీద ఉంటే ఈ రెండు వాక్యాల మధ్య తేడా ఎంతో ఇల్లాలిని అడగండి. ఇంకొకటి ఉంది, దానికి గుండె గట్టిగా ఉండాలి. మీ ఆమాస్ వీన్ ప్లీ ఒల్ లీ: నిన్ను అతను ప్రేమించే దానికంటే నేను ఎక్కువ ప్రేమిస్తున్నాను. మీ ఆమాస్ వీన్ ప్లీ ఒల్ లీన్: అతన్ని ప్రేమించే దానికంటే నిన్ను ఎక్కువ ప్రేమిస్తున్నాను. ఒక్క న్ రాయడం మరిచిన ఉత్తరం ఒక సంసారాన్ని ఏ గట్టున పడేస్తుందో ఊహించుకోవచ్చు.

నీలో మచ్చ లేదని స్తోత్రం చదివితే నువ్వే నమ్మవు. పత్రో నాన్న, మధ్యలో ఇన్ చేర్చితే పత్రీనో, అమ్మ. అన్నదమ్ముడు ఫ్రాతో, అక్కచెల్లెలు ఫ్రాతీనో. అమ్మను నాన్నలోంచి తీసి చెప్పడం నాకు ఎప్పటికీ జీర్ణం కాదు. మనకు అమ్మే ముందు. మగవాళ్ళకూ ఇచ్ అని ఒక ప్రత్యయం పెట్టి లెక్క సరిచేద్దామని కొందరు అంటున్నారు, వాళ్ళ పక్షాన నా చెయ్యి కూడా లేస్తుంది. అయితే ఆ పత్రీనో ఎత్తుకున్న పిల్లకు ఇవేవీ పట్టవు. ముద్దొచ్చినప్పుడు మాటను సగానికి విరిచి పాన్యో అంటుంది. ధాతువును విరిచే హక్కు నీ భాషలో ముద్దు ప్రత్యయాలకే ఉంది. సూత్రం కూడా తలవంచి తప్పుకున్న చోటు అది.

ఇంకా కొంటెపిల్ల ఒకతె ఉంది, ఉమ్. ఆమెకు స్థిరమైన అర్థమే ఇవ్వలేదు. మెడ కోలో, ఉమ్ చేరితే చొక్కా కాలరు. చెయ్యి బ్రాకో, ఉమ్ చేరితే బ్రాకూమీ, కౌగిలించుకోవడం. గాలి వేంతో, వెంతుమీలో అంటే వేసవి మధ్యాహ్నం అమ్మమ్మ చేతిలో ఆడే విసనకర్ర. ఇన్ని సూత్రాలు కట్టిన మనిషి ఒక ప్రత్యయాన్ని ఊరికే, ఏ పనీ చెప్పకుండా వదిలాడంటే అతనికి జీవితం తెలుసు. సరదా నీకూ తెలుసు: నలుగురూ ఈ భాష మాట్లాడుతున్న చోట ఎవరైనా తమ సొంత భాషలోకి జారితే క్రొకొదీలీ అంటారు. మొసలికి ఒక ఈ తగిలించావు, ఆ తప్పుకు ఒక పేరు పుట్టింది.

నీ మాయకు లోనై నేనూ బోల్తాపడ్డాను. దువ్వెనకు కోంబో అని ధీమాగా రాసుకున్నాను. తప్పు. కోంబ్ ధాతువు లోలోపల క్రియ. ఓ తగిలితే అది దువ్వడమనే పని అవుతుంది. దువ్వెన కావాలంటే పనిముట్టును తెచ్చే ఇల్ రావాలి: కొంబీలో. బ్రష్షుకేమో ఆ గొడవ లేదు, బ్రోసో చాలు, అది పుట్టుకతోనే వస్తువు. నువ్వు తాకక ముందే ధాతువుకు ఒక రహస్య స్వభావం ఉందని 1910 ప్రాంతంలో లోతుగా రాసినవాడు రెనె ద సొస్యూర్. భాషాశాస్త్రం చదివినవాళ్ళకు తెలిసిన ఫెర్దినాఁ ద సొస్యూర్‌కు తమ్ముడు. అన్న భాషలన్నిటి అడుగు వెతుకుతుంటే తమ్ముడు దువ్వెన దగ్గర ఆగాడు. నాకు తమ్ముడే నచ్చాడు.

ఇక నీ గర్భగుడి. ఆంత్. పని చేస్తూ ఉన్నవాడు. ప్రేమిస్తున్నవాడు ఆమాంతో, ప్రేమించినవాడు ఆమీంతో, ప్రేమించబోయేవాడు ఆమోంతో. అవే ఇ, ఆ, ఓ, అవే మూడు సంధ్యలు. ఆ పల్చటి పుస్తకం మీద తన పేరుకు బదులు జామెన్‌హోఫ్ వేసుకున్న పేరు డొక్తోరో ఎస్పెరాంతో. ఎస్పెర్ అంటే ఆశ. ఆంత్ అంటే ఇంకా ఆశిస్తూనే ఉన్న. చివర నువ్వు. మనిషి మారుపేరు భాషకు అసలు పేరైంది. 1917లో, యుద్ధం నడుమ, వార్సాలో ఆయన కన్ను మూశాడు. కొడుకు ఆదమ్‌ను 1940లో నాజీలు కాల్చి చంపారు. దేశదేశాలు తిరిగి ఈ కొసలన్నీ ఓపిగ్గా నేర్పిన చిన్న కూతురు లీదియాను, పెద్ద కూతురు జోఫియాను 1942లో త్రెబ్లింకాలో చంపారు. ఇస్, ఇస్, ఇస్. అన్ని క్రియలూ భూతకాలంలో పడ్డాయి. ఎస్పెరీంతో అని, ఒకప్పుడు ఆశించినవాడని, పేరు మార్చడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఎవరూ మార్చలేదు.

కవులు ఛందస్సు కోసం ఒక్కోసారి నిన్ను వదిలేస్తారు. అమీకో అనాల్సింది అమీక్ అని ఆపి, నువ్వుండే చోట ఒక చుక్కలాంటి కొక్కెం పెడతారు. ఈ భాషలో ఊనిక ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీద. నువ్వు లేవు గనక అది వెనక్కి జరగాలి. జరగదు. నువ్వు ఉన్నట్టే, మీ అనే అక్షరం దగ్గరే నిలుస్తుంది. వెళ్ళిపోయినవాళ్ళ పీట ఎవరూ తీయని ఇల్లు అది.

పాఠకులారా, ఈ భాషలో మన భాష పేరు తెలుగూఆ. ఊనిక గు మీద. అది మీకు నచ్చకపోయినా పరవాలేదు. మరొక్క మాట మాత్రం చెప్పి వదిలేస్తాను. హేయ్మ్ అంటే ఇల్లు. ఏ చేరిస్తే హేయ్మే, ఇంట్లో. దానికి న్ చేరిస్తే హేయ్‌మెన్, ఇంటికేసి. పొద్దు గూకాక, సంచి భుజాన వేసుకుని బస్సు దిగి, మీ వీధి మలుపు తిరిగేటప్పుడు దాన్ని ఒక్కసారి పైకి అని చూడండి. ఊనిక మొదటి అక్షరం మీద. చివరి న్‌ని మాత్రం మింగేయకండి.